నోరు విప్పినందుకు శిక్షా? అమెరికా పబ్లిక్ స్కూలు ఉద్యోగులకు ఏ దారి ఎప్పుడు నయం

అమెరికా పబ్లిక్ స్కూల్లో పనిచేస్తూ ఒక మాట అన్నందుకో, ఒక ఉత్తరం రాసినందుకో కాంట్రాక్టు పునరుద్ధరణ పోగొట్టుకున్నవారు ముందుగా తలచుకొనేది రాజ్యాంగ మొదటి సవరణను. ఊరి చివరి స్కూలుకు బదిలీ అయినవారూ, ఫైల్లో మందలింపు లేఖ పడ్డవారూ అంతే. ఇది భావప్రకటనా స్వేచ్ఛ ఉన్న దేశం, నేను చెప్పింది నిజం, కాబట్టి కేసు గెలుస్తాను అన్నది వారి లెక్క. మొదటి రెండూ నిజమైనా మూడోది చాలాసార్లు తప్పుతుంది. స్కూలు సిబ్బంది రోజూ చేసే ఫిర్యాదుల్లో చాలావాటికి మొదటి సవరణ అసలు వర్తించదు. అదే ఫిర్యాదుకు మరో చట్టం కింద గట్టి రక్షణ ఉండవచ్చు, కానీ దాని గడువు చిన్నది. పెద్ద కేసు గురించి ఆలోచిస్తూ కూర్చున్నవారికి ఆ చిన్న గడువు తెలియకుండానే దాటిపోతుంది.

ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లి అక్కడి స్కూళ్లలో చేరినవారికి ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి ప్రభుత్వ ఉపాధ్యాయులు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాల కింద పనిచేస్తారు. ప్రభుత్వ విధానాన్ని పత్రికలో విమర్శిస్తే ఆ విమర్శే క్రమశిక్షణ చర్యకు కారణమవుతుంది. ఆ భయంతో కొందరు అమెరికాలోనూ పెదవి విప్పరు. మరికొందరు విమానం దిగగానే హద్దులన్నీ చెరిగిపోయాయనుకుంటారు. అక్కడా హద్దులున్నాయి, కాకపోతే వేరేచోట గీసి ఉన్నాయి.

ఇక్కడ చెప్పేదంతా పబ్లిక్ స్కూళ్ల గురించే. ప్రైవేటు స్కూలు యాజమాన్యానికి మొదటి సవరణ వర్తించదు. ప్రభుత్వ డబ్బుతో, స్వతంత్ర యాజమాన్యంలో నడిచే చార్టర్ స్కూళ్ల విషయంలో ఫెడరల్ అప్పీలు కోర్టులే ఒక మాట మీద లేవు.

ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, ఆ మాట ఎవరిగా అన్నారో చూసుకోవాలి. ఉద్యోగ బాధ్యతలో భాగంగా అన్న మాటకు మొదటి సవరణ రక్షణ లేదని 2006లో గార్సెట్టి వర్సెస్ సెబాలోస్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. పౌరుడిగా మాట్లాడితేనే రక్షణ. ఆ ఒక్క తీర్పుతో స్కూళ్లలోని కేసులు చాలావరకు తలకిందులయ్యాయి.

రెండోది, మాట దేని గురించి అన్నది. 1983 నాటి కానిక్ తీర్పు ప్రకారం అది ప్రజలకు పట్టే విషయమై ఉండాలి. బడి డబ్బు ఎలా ఖర్చవుతోంది, పిల్లల భద్రత, జాతి వివక్ష వంటివి ఆ కోవలోకి వస్తాయి. నా టైంటేబుల్ బాగాలేదు, ప్రిన్సిపాల్ నన్ను చిన్నచూపు చూస్తున్నారు అన్నవి రావు.

మూడోది, ఎవరికి చెప్పారు. మొదటి సవరణ కేసులో దీనికి అంత బరువు లేదు. మిసిసిపీలో బెస్సీ గివ్‌హన్ అనే టీచరు జాతి వివక్ష గురించి ప్రిన్సిపాల్‌తో గదిలో మాట్లాడారు. ఏకాంతంగా అన్నంత మాత్రాన రక్షణ పోదని 1979లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర చట్టాల దగ్గర మాత్రం ఈ ప్రశ్న మీదే కేసు నిలుస్తుంది లేదా కూలుతుంది.

ఇక మిగిలినవి గడువు, మీకు కావలసిన ఫలితం. ఉద్యోగం తిరిగి కావాలా, డబ్బా, లేక ఆ లేఖను ఫైలు నుంచి తీసేస్తే చాలా? చాలామంది లాయరు దగ్గరకు వెళ్లేదాకా ఈ చివరిది ఆలోచించరు. నిజానికి దారిని నిర్ణయించేది చాలాసార్లు అదే.

| దారి | ఏ మాటకు సరిపోతుంది | గడువు | ఏమి దక్కవచ్చు | ఎక్కడ బలహీనం |
|---|---|---|---|---|
| సెక్షన్ 1983 (రాజ్యాంగ హక్కుకు భంగం కలిగితే ప్రభుత్వ సంస్థలపై, అధికారులపై దావాకు వీలిచ్చే చట్టం) ఫెడరల్ దావా | పౌరుడిగా, ప్రజా ప్రయోజన విషయంపై అన్నది | రాష్ట్రాన్ని బట్టి, ఎక్కువచోట్ల 1 నుంచి 3 ఏళ్లు | ఉద్యోగం, నష్టపరిహారం, లాయరు ఫీజు | ఉద్యోగ బాధ్యతగా అన్న మాట, ఏళ్ల జాప్యం |
| రాష్ట్ర విజిల్‌బ్లోయర్ (తప్పులు బయటపెట్టే ఉద్యోగి) చట్టం | చట్ట ఉల్లంఘనపై ఫిర్యాదు | టెక్సాస్‌లో 90 రోజులు, న్యూజెర్సీలో 1 ఏడాది | వేతనం, ఉద్యోగం, పరిహారం | ఎవరికి చెప్పాలన్న షరతులు |
| వివక్ష వ్యతిరేక చట్టాల కింద ప్రతీకార ఫిర్యాదు | జాతి, లింగ, వైకల్య వివక్షపై అభ్యంతరం | టైటిల్ సెవెన్‌కు (ఉద్యోగ వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం) 180 లేదా 300 రోజులు | వేతనం, పరిమిత పరిహారం | వివక్షతో సంబంధం లేని మాటకు పనికిరాదు |
| యూనియన్ గ్రీవెన్స్ (కాంట్రాక్టు ప్రకారం చేసే ఫిర్యాదు), ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) | సరైన కారణం లేని శిక్ష ఏదైనా | కాంట్రాక్టును బట్టి, తరచూ రోజుల్లోనే | లేఖ తొలగింపు, ఉద్యోగం, పాత జీతం | కాంట్రాక్టు లేనిచోట దారే లేదు |
| రాష్ట్ర కార్మిక బోర్డు | యూనియన్ పని, సమష్టి కోర్కెలు | కాలిఫోర్నియాలో 6 నెలలు | పూర్వస్థితి, పాత జీతం | పరిధి ఇరుకు |

సెక్షన్ 1983: పేరున్న దారి

ఈ దారి వేసింది ఒక స్కూలు టీచరే. ఇలినాయ్‌లో విల్ కౌంటీకి చెందిన మార్విన్ పికరింగ్, స్కూలు బోర్డు డబ్బును చదువుకు, ఆటలకు ఎలా పంచుతోందో విమర్శిస్తూ స్థానిక పత్రికకు ఉత్తరం రాశారు. బోర్డు ఆయన్ను తొలగించింది. ఉత్తరంలో కొన్ని తప్పు లెక్కలు ఉన్నా, తెలిసి చెప్పిన అబద్ధాలు కావు కాబట్టి తొలగింపు చెల్లదని 1968లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఉద్యోగి మాట విలువను ఒక వైపు, బడి పని సాగడానికి కలిగే ఆటంకాన్ని మరో వైపు పెట్టి తూచే పద్ధతి అప్పటిదే.

టెన్యూర్ (ప్రొబేషన్ ముగిశాక దక్కే ఉద్యోగ రక్షణ) లేనివారికీ ఈ దారి తెరిచే ఉంది. పునరుద్ధరణ హక్కు లేని ఉద్యోగమైనా మాటకు శిక్షగా దాన్ని తీసేయకూడదని 1972లో పెరీ వర్సెస్ సిండర్మన్‌ కేసులో తేలింది. ప్రొబేషన్‌లో ఉన్నవారికి గ్రీవెన్స్ వంటి దారులు తరచూ మూసుకుపోతాయి గనుక, వారికి దీని విలువ ఎక్కువ.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది గార్సెట్టి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ప్రత్యేక విద్యా టీచరు తన విద్యార్థుల ప్రణాళికలు సరిగా అమలు కావడం లేదని పైఅధికారులకు మొరపెట్టుకున్నారు. అది ఆమె ఉద్యోగంలో భాగమేనని 2016లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (ప్రాంతాలవారీ ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి) ఆ కేసు కొట్టేసింది. న్యూయార్క్‌లో విద్యార్థిపై చర్య తీసుకోలేదని గ్రీవెన్స్ వేసిన టీచరుకు 2010లో రెండో సర్క్యూట్‌లో అదే గతి పట్టింది. నా దృష్టిలో ఇది వింత ఫలితం. పిల్లల కోసం పద్ధతి ప్రకారం పైకి చెప్పినవారికి రక్షణ లేదు, నేరుగా పత్రికకెక్కినవారికి ఉంది. కానీ నియమం అదే, దాన్ని తెలుసుకునే దారి ఎంచుకోవాలి. కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం మామూలుగా ఉద్యోగ విధుల్లోకి రాదు కాబట్టి దానికి రక్షణ ఉందని 2014లో లేన్ వర్సెస్ ఫ్రాంక్స్ తీర్పు చెప్పింది. యూనియన్ ప్రతినిధిగా మాట్లాడితే పౌరుడిగా మాట్లాడినట్టేనని ఆరో సర్క్యూట్ వంటి కోర్టులు అన్నాయి. పాఠం చెబుతూ తరగతి గదిలో వెలిబుచ్చిన సొంత అభిప్రాయాలకు మాత్రం బడి స్థాయిలో ఆశ తక్కువ. ఇండియానాలో ఇరాక్ యుద్ధం గురించి విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబిచ్చిన టీచరు 2007లో ఓడిపోయారు.

రెండో చిక్కు కారణం నిరూపించడం. ఒహాయోలో ఫ్రెడ్ డోయల్ అనే టీచరు స్కూలు మెమో ఒకటి రేడియో స్టేషన్‌కు చెప్పారు. అంతకుముందు విద్యార్థినుల వైపు అసభ్యంగా సైగ చేసిన సంగతీ ఉంది. మాట ఒక ముఖ్య కారణమని ఉద్యోగి చూపాలి. అది లేకున్నా ఇదే నిర్ణయం తీసుకునేవాళ్లమని చూపగలిగితే స్కూలు డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) బయటపడుతుంది. 1977 నాటి ఈ మౌంట్ హెల్దీ సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. మీ ఫైల్లో పాత మచ్చ ఉంటే ఎదుటి లాయరు మొదట పట్టుకొనేది దాన్నే.

ఎవరి మీద దావా వేయాలన్నదీ చిన్న విషయం కాదు. ప్రిన్సిపాల్ సొంతంగా చేసిన పనికి డిస్ట్రిక్ట్ దానంతటదే బాధ్యత వహించదు. అది డిస్ట్రిక్ట్ విధానమో, తుది అధికారం ఉన్నవారి నిర్ణయమో అయి ఉండాలి. వ్యక్తుల మీద వేస్తే, ఆ చట్టం అప్పటికి స్పష్టంగా లేదంటూ వారు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ (అధికారులు సొంతంగా పరిహారం కట్టకుండా కాపాడే మినహాయింపు) అడుగుతారు. కాలిఫోర్నియాలో ఇంకో మెలిక ఉంది. అక్కడి స్కూలు డిస్ట్రిక్టులను తొమ్మిదో సర్క్యూట్ రాష్ట్రంలో భాగంగా చూస్తుంది కాబట్టి ఈ చట్టం కింద వాటి నుంచి డబ్బు రాబట్టడం కుదరదు. వ్యక్తులుగా అధికారుల మీద వేయాలి, లేదా ఉద్యోగం తిరిగి ఇప్పించమని అడగాలి.

కాలం సంగతి కూడా చూసుకోండి. గివ్‌హన్ ఉద్యోగం 1971లో పోతే సుప్రీంకోర్టు తీర్పు 1979లో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్ స్కూలు ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థన వివాదం 2015లో మొదలై 2022లో 6-3 తీర్పుతో తేలింది. కేసులన్నీ అంతదూరం వెళ్లవు, మధ్యలో రాజీలు కుదురుతాయి. అయినా ఏడాదిలో తేలిపోతుందని ఇంటి ఖర్చుల లెక్క వేసుకోకండి.

విజిల్‌బ్లోయర్ చట్టాలు: రాష్ట్రం మారితే కథ మారుతుంది

నా లెక్కలో, డబ్బు దుర్వినియోగమో చట్ట ఉల్లంఘనో బయటపెట్టినవారు ముందు చూడవలసింది ఇక్కడే. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 1102.5 సెక్షన్ కింద పైఅధికారికి చెప్పినా రక్షణ ఉంటుంది, ఆ సంగతి చెప్పడం మీ ఉద్యోగంలో భాగమైనా సరే. గార్సెట్టి మూసిన తలుపును ఈ చట్టం తెరిచినట్టే. 2024 నుంచి, ఫిర్యాదు చేసిన 90 రోజుల్లోపు చర్య తీసుకుంటే అది ప్రతీకారమేనని మొదట అనుకునే ఏర్పాటూ వచ్చింది. అయితే డిస్ట్రిక్ట్ మీద నష్టపరిహారం అడగాలంటే ముందుగా 6 నెలల్లో దానికి రాతపూర్వక క్లెయిము ఇవ్వాలి. న్యూజెర్సీ చట్టం కూడా ఉదారమే, విధిలో భాగంగా తప్పులు పట్టే ఉద్యోగులకూ వర్తిస్తుందని 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. దావాకు గడువు ఏడాదే. పైగా ఆ చట్టం కింద కేసు వేస్తే అదే విషయంపై ఉన్న ఇతర రాష్ట్ర హక్కులను వదులుకున్నట్టు లెక్క.

టెక్సాస్‌కు వచ్చేసరికి పరిస్థితి కటువు. ఫిర్యాదు సరైన చట్ట అమలు సంస్థకే వెళ్లాలి. పైఅధికారికి చెప్పడం సాధారణంగా చాలదని 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చర్య జరిగిన 90 రోజుల్లో డిస్ట్రిక్ట్ సొంత గ్రీవెన్స్ ప్రక్రియ మొదలుపెట్టాలి. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో పనిచేసే టీచరు ప్రిన్సిపాల్‌కు మాత్రమే ఈమెయిల్ పంపి ఊరుకుంటే ఈ దారి దాదాపు లేనట్టే. న్యూయార్క్‌లో విద్యా చట్టం 3813 సెక్షన్ కింద 3 నెలల్లో ఇవ్వవలసిన నోటీసు మరచి ఎన్నో రాష్ట్ర క్లెయిములు మొదట్లోనే పోతాయి.

మాట వివక్ష గురించి అయితే

జాతి, మతం, లింగం, పుట్టిన దేశం పేరిట ఉద్యోగుల పట్ల జరిగే వివక్షకు అభ్యంతరం చెబితే టైటిల్ సెవెన్ ఉంది. ముందుగా ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీలో ఫిర్యాదు చేయాలి. వారు దావాకు అనుమతి లేఖ ఇచ్చాక 90 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి. మాట పౌరుడిగా అన్నారా, ప్రజలకు పట్టే విషయమా అన్న పరీక్షలు ఇక్కడ లేవు. బదులుగా, ప్రతీకారం లేకపోతే ఈ చర్య జరిగేదే కాదని చూపాలి. పెద్ద డిస్ట్రిక్టుల్లో సైతం పరిహారానికి 300,000 డాలర్ల పరిమితి ఉంది, పోయిన జీతం దీనికి అదనం.

ఆడపిల్లల జట్టుకు సరైన సదుపాయాలు లేవని చెప్పి పదవి పోగొట్టుకున్న బర్మింగ్‌హామ్ కోచ్ రోడరిక్ జాక్సన్‌కు విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ కింద దావా హక్కు ఉందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. వైకల్యమున్న పిల్లల తరఫున మాట్లాడినవారికి, వైకల్యం పేరిట వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం సెక్షన్ 504 ఉంది. రివర్‌సైడ్ కౌంటీకి చెందిన ప్రత్యేక విద్యా టీచరు ఒకరికి 2009లో తొమ్మిదో సర్క్యూట్ ఈ దారి తెరిచింది. అదే కోర్టు 2016లో అలాంటి టీచరు మొదటి సవరణ కేసును కొట్టేసిందని పైన చూశాం. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం ఫిర్యాదు, చట్టం మారేసరికి ఫలితం మారింది. కాకపోతే 2022 నాటి కమింగ్స్ తీర్పు తరువాత సెక్షన్ 504 కింద మానసిక వేదనకు పరిహారం రాదు.

యూనియన్, కార్మిక బోర్డు

బలమైన కాంట్రాక్టు ఉన్న రాష్ట్రంలో మందలింపు లేఖ, సస్పెన్షన్, బదిలీ వంటివాటికి గ్రీవెన్సే మేలు. ఖర్చు మీ మీద పడదు, నెలల్లో తేలవచ్చు, డిస్ట్రిక్టే సరైన కారణం చూపాలి. టెక్సాస్, నార్త్ కరోలినాల్లో టీచర్లకు సమష్టి బేరసారాల హక్కు లేదు. అక్కడ గ్రీవెన్స్ అంటే బోర్డుకే మొరపెట్టుకోవడం. ఇక కార్మిక బోర్డు దారి యూనియన్ పనికి శిక్ష పడినప్పుడే పనికొస్తుంది.

వరుస తప్పితే

ఈ దారులు ఒకదాన్నొకటి దెబ్బతీయవచ్చు. గ్రీవెన్స్ నడుస్తోంది కదా అని ఫెడరల్ గడువు ఆగదు. 1980, 1981 తీర్పుల ప్రకారం ఆ గడియారం నిర్ణయం మీకు తెలిపిన రోజునే మొదలవుతుంది, ఆఖరి పనిదినాన కాదు. మార్చిలో లేఖ అందుకుని జూన్ వరకు పాఠాలు చెప్పినవారు జూన్ నుంచి లెక్కపెడితే మునిగిపోతారు. సెక్షన్ 1983 గడువు టెనెసీలో 1 ఏడాది, టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో 2, న్యూయార్క్‌లో 3.

ఆర్బిట్రేషన్‌లో ఓడినా ఫెడరల్ దావా పోదని 1984లో మెక్‌డొనాల్డ్ కేసులో తేలింది. అదే ఏడాది ఒహాయో స్కూలు ఉద్యోగిని మిగ్రాకు వ్యతిరేక ఫలితం వచ్చింది. ఆమె ముందుగా రాష్ట్ర కోర్టులో కాంట్రాక్టు కేసు గెలిచారు. అక్కడ లేవనెత్తని మొదటి సవరణ వాదనతో తరువాత ఫెడరల్ కోర్టుకు వెళితే, రాష్ట్ర చట్టం దాన్ని అడ్డుకుంటే ఫెడరల్ కోర్టులోనూ అంతేనని సుప్రీంకోర్టు అన్నది. రాష్ట్ర ట్రిబ్యునల్ విచారణలో తేలిన వాస్తవాలు కూడా తరువాత మిమ్మల్ని కట్టిపడేయవచ్చు. అందుకే టెన్యూర్ విచారణకు లాయరు లేకుండా వెళ్లడం, అది "లోపలి వ్యవహారమే" అనుకోవడం ప్రమాదం.

ఎవరికి ఏది

ప్రొబేషన్ టీచరై, బోర్డు సమావేశంలో ప్రజల వరుసలో నిలబడి మాట్లాడినవారికి సెక్షన్ 1983 మొదటి ఎంపిక. టెన్యూర్ ఉన్నవారికి, నష్టం ఒక లేఖతో ఆగితే, గ్రీవెన్స్ చాలు. ప్రత్యేక విద్యా విభాగంలో ఉన్నవారు ముందు సెక్షన్ 504, తరువాత రాష్ట్ర చట్టం చూడాలి. మొదటి సవరణను వెనక్కి నెట్టాలి. ప్రిన్సిపాళ్లకు యూనియన్ అండ తక్కువ, పైగా వారు చెప్పే ప్రతిదీ ఉద్యోగ విధిగానే కనిపిస్తుంది కాబట్టి వారి భవితవ్యం దాదాపుగా రాష్ట్ర విజిల్‌బ్లోయర్ చట్టం మీదే ఉంటుంది.

సోషల్ మీడియా పోస్టులవారికి పౌరుడిగా మాట్లాడామని చూపడం తేలిక. తూకంలోనే ఇబ్బంది. తన విద్యార్థులను బ్లాగులో ఎగతాళి చేసిన పెన్సిల్వేనియా టీచరు 2015లో మూడో సర్క్యూట్‌లో ఓడిపోయారు, తల్లిదండ్రుల నమ్మకం చెదరడమే ప్రధాన కారణం. రాజకీయ టోపీ పట్టుకుని సిబ్బంది శిక్షణకు వెళ్లిన వాషింగ్టన్ టీచరుకు 2022లో ప్రిన్సిపాల్‌పై కేసు నడిపే హక్కు దక్కింది. కొందరికి నచ్చకపోవడం ఆటంకం కాదని అక్కడ కోర్టు చూసింది. పోస్టు పిల్లల గురించా, ప్రపంచం గురించా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న.

వీసా మీద ఉన్నవారి లెక్క వేరు. దేశంలో నివసించే విదేశీయులకూ భావప్రకటనా స్వేచ్ఛ ఉందని 1945లోనే సుప్రీంకోర్టు అన్నది. కానీ కేసు నడుస్తున్నంత మాత్రాన వీసా గడువు పొడిగించరు. హెచ్1బి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకే వ్యవధి. జె1 (ఎక్స్ఛేంజ్ వీసా) టీచరు డిస్ట్రిక్టుతో పాటు స్పాన్సర్ సంస్థకూ జవాబుదారీ. వీరికి ఏళ్లపాటు సాగే దావా కంటే ఉద్యోగం పోకముందే చేసే బేరం విలువైనది. తొలగింపు బదులు రాజీనామా, తటస్థ సిఫార్సు లేఖ, కొత్త డిస్ట్రిక్టుకు మారేంత సమయం అడగవచ్చు. హెచ్4 అనుమతితో పారాప్రొఫెషనల్‌గానో (తరగతి గది సహాయకులు) సబ్‌స్టిట్యూట్‌గానో పనిచేసేవారికి ఈ బెడద లేదు, వారి హోదా ఈ ఉద్యోగానికి ముడిపడి లేదు. వారికి పోయే జీతం చిన్నది కాబట్టి కేసు తీసుకునే లాయరు దొరకడమే కష్టం. గెలిస్తే ఎదుటివారే లాయరు ఫీజు చెల్లించే సెక్షన్ 1983, టైటిల్ సెవెన్‌ల గురించి వీరు ముందుగా అడగాలి.

లాయరును మొదటిసారి కలిసే ముందు ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి: ఏ తేదీన ఏమన్నారు, ఎవరితో, ఏ హోదాలో, శిక్ష నిర్ణయించినవారికి ఆ సంగతి ఎప్పుడు తెలిసింది, నిర్ణయం మీకు ఎప్పుడు తెలిపారు. తెలియనివారు ప్రతీకారం తీర్చుకున్నారని ఏ కోర్టూ ఒప్పుకోదు గనుక నాలుగోదానికి జవాబు కచ్చితంగా ఉండాలి. కాంట్రాక్టు, మూల్యాంకన పత్రాలు, అందిన లేఖలు వెంట తీసుకెళ్లండి. స్కూలు ఈమెయిల్ ఖాతా డిస్ట్రిక్టుది, దాని నుంచి లాయరుకు రాయకండి. సాక్ష్యం కదా అని విద్యార్థుల రికార్డులు ఇంటికి తెచ్చుకుంటే వాటి గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం పేరు చెప్పి, మిమ్మల్ని ఎలాగూ తీసేసేవాళ్లమే అనే అవకాశం డిస్ట్రిక్టుకు మీ చేతులతో మీరే ఇచ్చినవారవుతారు.